హెడరా, బాడీనా? ఏపీఐలు రాసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతు చెరువు గట్టు మీద నుంచే మేత ఆర్డర్ పెట్టే యాప్ అనుకోండి. చెరువు నంబరు, మేత రకం, బస్తాలు, లాగిన్ టోకెన్: యాప్ సర్వర్‌కి పంపే రిక్వెస్ట్‌లో వీటిలో ఏది హెడర్‌లో (కవరు మీద రాసే వివరాల్లాంటిది), ఏది బాడీలో (కవరు లోపలి ఉత్తరంలాంటిది) పెట్టాలి?

అపోహ: చిన్న విలువైతే హెడర్, పెద్దదైతే బాడీ.

వాస్తవం: చూడాల్సింది సైజు కాదు. బస్తాల సంఖ్య రెండంకెలే అయినా అది ఆర్డర్‌లో భాగం, బాడీలోనే ఉండాలి. ఆర్డర్‌ని క్యూలో వేసి రాత్రికి ప్రాసెస్ చేస్తే మిగిలేది బాడీలోని జేసన్ (డేటా రాసే టెక్స్ట్ ఫార్మాట్) మాత్రమే. హెడర్లు వాటంతటవి వెంట రావు. టోకెన్, ట్రేస్ ఐడీ (రిక్వెస్ట్ ఎటు వెళ్లిందో వెతికే గుర్తు) లాంటివి గేట్‌వే (సర్వర్ ముందు ఉండి రిక్వెస్టులు అందుకునేది) బాడీ విప్పకుండానే చూడాలి కాబట్టి హెడర్‌లో పెడతాం.

అపోహ: హెడర్‌లో పెడితే భద్రం.

వాస్తవం: హెచ్‌టీటీపీఎస్ రెండింటినీ ఒకేలా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. టోకెన్‌ని యూఆర్ఎల్‌లో మాత్రం పెట్టకండి, యాక్సెస్ లాగ్‌లో పడుతుంది.

అపోహ: హెడర్‌లో ఏ టెక్స్ట్ అయినా పోతుంది.

వాస్తవం: ఊరి పేరు తెలుగులో పెట్టి చూడండి, బ్రౌజర్‌లో ఫెచ్ (రిక్వెస్ట్ పంపే ఫంక్షన్) అక్కడే టైప్ ఎర్రర్ ఇస్తుంది. పర్సెంట్ ఎన్‌కోడింగ్ (ప్రతి బైట్‌నీ % గుర్తుతో రాయడం) చేస్తే 'నెల్లూరు' ఒక్కటే 72 అక్షరాలవుతుంది. నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) డిఫాల్ట్‌గా హెడర్లన్నిటికీ కలిపి 16 కేబీ వరకే ఒప్పుకుంటుంది, దాటితే 431 ఎర్రర్. పేరులో అండర్‌స్కోర్ ఉంటే ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఆ హెడర్‌ని డిఫాల్ట్‌గా వదిలేస్తుంది. క్లయింట్‌కి ఎర్రర్ కూడా రాదు. లోకల్‌లో బ్రహ్మాండంగా నడిచి, సర్వర్ మీద 'హెడర్ రాలేదు' అంటుంటే ముందు చూడాల్సింది ఇదే. హైఫన్ వాడండి.

అపోహ: కస్టమ్ హెడర్ (మనం సొంతంగా పేరు పెట్టుకున్నది) తీసేస్తే ప్రీఫ్లైట్ (అసలు రిక్వెస్ట్‌కి ముందు బ్రౌజర్ అనుమతి అడుగుతూ పంపే ఆప్షన్స్ రిక్వెస్ట్) పోతుంది.

వాస్తవం: వేరే డొమైన్‌కి పంపేటప్పుడు కంటెంట్ టైప్ జేసన్ అయితే చాలు, ఆప్షన్స్ రిక్వెస్ట్ ఎటూ వస్తుంది. దాన్ని కాష్ చేయించండి, క్రోమ్ 7200 సెకన్ల దాకా ఒప్పుకుంటుంది. అనుమతించే హెడర్ల జాబితాలో స్టార్ (*) పెట్టి ఊరుకోవద్దు, ఆథరైజేషన్ (టోకెన్ పంపే హెడర్) దాని కిందికి రాదు. పేరు విడిగా రాయాల్సిందే.

అపోహ: ఐడెంపొటెన్సీ కీ (ఒకే ఆర్డర్ మళ్లీ వస్తే సర్వర్ గుర్తుపట్టే గుర్తు) పెట్టేశాం, ఇక డబుల్ ఆర్డర్లు రావు.

వాస్తవం: కీ ఎప్పుడు పుడుతుందన్నదే అసలు సంగతి. గట్టు మీద సిగ్నల్ సరిగా ఉండదు. ఆర్డర్ సర్వర్‌కి చేరుతుంది, జవాబు ఫోన్‌కి రాదు, రైతు మళ్లీ నొక్కుతాడు. నొక్కిన ప్రతిసారీ కొత్త కీ తయారైతే చెరువుకి రెండు లోడ్ల మేత దిగుతుంది. ఆర్డర్ స్క్రీన్ తెరిచినప్పుడే కీ తయారుచేసి ఫోన్‌లో దాచండి, జవాబు వచ్చేదాకా మార్చకండి. సర్వర్ వైపు కీ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు పడనివ్వని డేటాబేస్ నియమం) పెట్టి, ఆర్డర్‌తో ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. ముందు వెతికి తర్వాత రాసే కోడ్‌లో రెండు రిక్వెస్టులు ఒకేసారి దూరిపోతాయి. బాడీ హ్యాష్ (బాడీ నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు) కూడా దాచుకోండి. అదే కీతో వేరే బాడీ వస్తే 422 ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపొచ్చు.

అపోహ: కస్టమ్ హెడర్ పేరు 'ఎక్స్-'తోనే మొదలవ్వాలి.

వాస్తవం: ఆ పద్ధతి వద్దని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) చెప్పింది. కొత్తవాటికి మీ యాప్ పేరు ముందు పెట్టుకుంటే చాలు. వాడుకలో ఉన్న పాత పేర్ల జోలికి మాత్రం పోకండి, అప్‌డేట్ చేసుకోని ఫోన్లలో ఆర్డర్లు ఆగిపోతాయి.