బీరువాలో దాగిన చుక్కలు: న్యూజిలాండ్ మతారికి పండుగ వెనక కథ

న్యూజిలాండ్‌లో జూన్, జూలై అంటే నడిచలికాలం. ఆ నెలల్లో అక్కడికి వెళ్లే పర్యాటకుల్లో ఎక్కువమంది మంచు కొండల కోసమే వెళ్లేవారు. ఈమధ్య ఇంకో రకం జనం కూడా కనబడుతున్నారు. తెల్లవారకముందే లేచి, కోట్ల మీద కోట్లు తొడుక్కుని, ఈశాన్యం వైపు చూస్తూ నిలబడతారు. వాళ్లు వెతికేది ఒక చిన్న చుక్కల గుంపు. మనం కృత్తికలు అంటాం, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు అది మతారికి. అది కొన్నాళ్లు కనుమరుగై మళ్లీ తూర్పున పొడిస్తే వాళ్లకు కొత్త సంవత్సరం.

2022 జూన్ 24న న్యూజిలాండ్ ఈ పండుగకు మొదటిసారి జాతీయ సెలవు ఇచ్చింది. వెనకాలే తగువులూ వచ్చాయి. దుకాణాల్లో ‘మతారికి సేల్’ బోర్డులు వెలిశాయి. కొన్ని ఊళ్లలో బాణసంచా కాల్చడం అప్పటికే అలవాటు. పొగతో ఆకాశాన్ని కప్పేసి చుక్కల పండుగ చేసుకోవడం ఏమిటని మావోరీ పెద్దలు అడిగారు. మతారికి వ్యవహారాల్లో ప్రభుత్వానికి ముఖ్య సలహాదారు అయిన ప్రొఫెసర్ రంగి మాతామువా, బాణసంచా వద్దని 2023లో నగర మండళ్లకు లేఖ రాశారు. అసలు వెల్లింగ్టన్ నగరం తన బాణసంచా ప్రదర్శనను నవంబరు నుంచి మతారికికి మార్చింది 2018లోనే. ఆ ఏడాది రేవులోకి ఒక తిమింగలం రావడంతో ప్రదర్శన వాయిదా పడింది. సముద్రం కూడా ఓ మాట చెప్పి చూసిందనుకోవాలి.

ఈ గొడవ కొత్త సెలవు గురించిన చిన్న చికాకులా కనిపిస్తుంది కానీ, దీని వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది. టికెట్టు కొని చుక్కల కథలు వినే పర్యాటకుడికి ఆ కథలు ఏ దారిన వచ్చాయో తెలిస్తే, వినే తీరే మారిపోతుంది.

ముందు కథ. ఆకాశం తండ్రి రంగినుయి, భూమి తల్లి పపతూఆనుకు. ఇద్దరూ విడదీయలేనంత గట్టిగా కౌగిలించుకుని ఉంటే, మధ్య చీకట్లో పిల్లలు ఇరుక్కుపోయారు. వాళ్లలో తానె అనేవాడు కాళ్లతో తన్ని తండ్రిని పైకి నెట్టాడు. లోకంలోకి వెలుగొచ్చింది. అమ్మానాన్నలను విడదీయడం గాలిదేవుడు తాఫిరిమాతెయాకు నచ్చలేదు. అన్నదమ్ముల మీద యుద్ధానికి దిగి, చివరికి ఓడిపోయాడు. ఆ కోపంతో, దుఃఖంతో తన కళ్లు తానే పీక్కుని, నలిపి, తండ్రి గుండె మీదికి విసిరాడు. ఆ ముక్కలే మతారికి చుక్కలు. గాలి నాలుగు దిక్కుల నుంచీ తడుముకుంటూ వీస్తుందంటే, వాడికి చూపు లేదు మరి.

మాతామువా చెప్పే సంప్రదాయంలో గుంపులో తొమ్మిది చుక్కలు, ఒక్కోదానికి ఒక్కో పని. తుపుఆనుకు మట్టిలో పండే తిండికి, తుపుఆరంగి చెట్ల మీద దొరికే పండ్లకూ పిట్టలకూ, వైతీ మంచినీటి ప్రాణులకు, వైతా సముద్రానికి, వైపునరంగి వానకు, ఉరురంగి గాలికి. పోహుతుకవ ఆ ఏడాది చనిపోయినవాళ్లది. హివా-ఇ-తె-రంగి కోరికలు చెప్పుకునే చుక్క. మతారికి ఆరోగ్యానికి, అందరి మంచికి. వేకువన ఏ చుక్క స్పష్టంగా మెరిసిందో, ఏది మసకబారిందో చూసి పెద్దలు ఆ ఏడు పంట ఎలా ఉంటుందో, చేపలు ఎలా పడతాయో చెప్పేవారు. ముందు ఏడాదిలో పోయినవాళ్ల పేర్లు పిలుస్తారు. ఆ తరవాత మట్టిపొయ్యి మూత తీసి, చిలగడదుంప, కోడి, ఈల్ చేప, సముద్రపు చేపల ఆవిరిని చుక్కలకు నైవేద్యంగా వదులుతారు. దీన్ని హౌతపు అంటారు.

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. మే రెండో వారంలో వచ్చే కృత్తిక కార్తె అంటే సూర్యుడు కృత్తికల దగ్గర ఉన్న రోజులు. ఆ వెలుగులో చుక్కలు కనబడవు. మన రైతు వాటి చాటును బట్టి పేరు పెట్టుకుంటే, మావోరీలు అవి మళ్లీ తొంగిచూసే వేకువను పట్టుకున్నారు. తేదీ కూడా మన పండుగల్లాగే చంద్రుణ్ణి బట్టి ఏటా జరుగుతుంది. పౌర్ణమి దాటాక చంద్రుడు సగానికి తరిగే తంగరోవ రాత్రులు వాళ్లకు మంచివి. సెలవును ఆ రోజులకు దగ్గరి శుక్రవారానికి కట్టారు.

ఇంత పకడ్బందీగా ఉన్న విద్య ఎలా కనుమరుగైంది? తెల్లవాళ్ల క్యాలెండరు, మిషనరీలు, భూములు పోవడం, పల్లె వదిలి పట్టణాలకు వలస పోవడం, అన్నీ కలిసే చేశాయి. వాటన్నిటి మధ్యా 1907లో వచ్చిన తొహుంగ నిరోధక చట్టాన్ని విడిగా చెప్పుకోవాలి. తొహుంగ అంటే వైద్యం, మంత్రం, నక్షత్రం తెలిసిన పెద్ద. చట్టాన్ని ప్రవేశపెట్టిన జేమ్స్ కారల్ స్వయంగా మావోరీ మంత్రి. డాక్టరుగా పేరున్న మావుయి పోమరె కూడా సమర్థించాడు. అంటురోగాలతో జనం పోతుంటే నాటువైద్యుల దగ్గరికి పోవడం వాళ్లను కలవరపెట్టింది. ఆ బాధ అబద్ధం కాదు. అయితే చట్టంలోని మాటలు వైద్యంతో ఆగలేదు. అతీతశక్తులు ఉన్నట్టు చెప్పుకుని జరగబోయేది చెప్పడం కూడా నేరమే. మరి వేకువన చుక్క చూసి పంట చెప్పే పెద్దమనిషి ఎక్కడికి పోవాలి? శిక్షలు పడినవి తక్కువే. భయానికి చట్టం పేరు చాలు. 1962లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

ఈ మధ్యలో జరిగినదే ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకుంది. తూహొయ్ తెగకు చెందిన తె కోకౌ అనే పెద్దాయన, కొడుకు రావిరితో కలిసి 1898లో చుక్కల విద్యను కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాడు. పని ముగిసేసరికి 1933. అంటే రాత చాలావరకు ఆ చట్టం నీడలోనే సాగింది. సుమారు నాలుగు వందల పేజీలు, దాదాపు వెయ్యి నక్షత్రాల పేర్లు, నూటమూడు నక్షత్రమండలాలు. తరవాత ఆ రాతప్రతి ఇంట్లో బీరువాలోకి వెళ్లిపోయింది. 1995లో చదువుకుంటున్న మనవడు మతారికి గురించి ఏదో అడిగితే, తాత తిమి రావిరి లేచి బీరువా తెరిచి ఆ కట్ట చేతిలో పెట్టాడు. ఆ మనవడే రంగి మాతామువా. పంచని జ్ఞానం జ్ఞానమే కాదని తాత చెప్పినట్టు ఆయన తరచూ గుర్తుచేసుకుంటారు. ఆ మాట మీదే నిలబడి ఇరవై ఏళ్లకు పైగా పరిశోధించి పుస్తకం రాశారు, ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. 2023లో దేశం ఆయన్ని ‘న్యూజిలాండర్ ఆఫ్ ద ఇయర్’గా ఎంచుకుంది.

అంతకుముందు బడి పిల్లలు నేర్చుకున్నది ఏడు చుక్కల మతారికి. గ్రీకుల ‘ఏడుగురు అక్కచెల్లెళ్లు’ కథ నీడ దాని మీద పడిందని మాతామువా వాదన. ఇప్పుడు పోస్టర్ల మీద తొమ్మిది ఉన్నాయి. అలాగని అందరూ ఒప్పుకుని తీరాలని ఎవరూ అనడం లేదు. ఇప్పటికీ ఏడనే కుటుంబాలున్నాయి. పడమటి తీరంలో తరనాకి, ఫంగనుయి వైపు తెగలైతే కొత్త ఏటికి మృగవ్యాధుడి (ఓరియన్) లోని రైజెల్ నక్షత్రాన్ని చూస్తారు, దాన్ని పువంగ అంటారు.

జనంలోకి పండుగ తిరిగి రావడం మాత్రం చకచకా జరిగింది. 2000లో హేస్టింగ్స్‌లో జరిగిన మతారికి వేడుకకు వచ్చింది అయిదు వందల మంది. 2003లో పదిహేను వేలు. 2009లో సెలవు కోరుతూ పార్లమెంటుకు వచ్చిన బిల్లు వీగిపోయింది. 2020 ఎన్నికల ముందు అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ హామీ ఇచ్చారు, రెండేళ్లలో చట్టమైంది. 2052 వరకూ తేదీలు అందులోనే రాసి పెట్టారు.

చుక్కలను బట్టి ఓడ నడిపే విద్యది ఇంకో దారి. 1769లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ పసిఫిక్‌కు వచ్చిందే తహితిలో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా పోవడాన్ని చూడడానికి. ఆ దీవుల నుంచి ఆయన ఓడ ఎక్కిన తుపయా అనే నావికుడు, న్యూజిలాండ్‌లో మావోరీలతో మాట్లాడగలిగాడు. ఇంత కళ్లెదుట సాక్ష్యం ఉన్నా, ఈ దీవులకు జనం గాలివాటున కొట్టుకొచ్చారే తప్ప దారి తెలిసి రాలేదని 1950లలో కూడా వాదించినవాళ్లున్నారు. హవాయి పడవ హోకులెయా 1976లో పరికరాలేవీ లేకుండా తహితి చేరింది, 1985లో న్యూజిలాండ్ వచ్చింది. అది చూసి ఊపొచ్చిన మావోరీ పడవల నిపుణుడు హెక్ బజ్బీ, కౌరి చెట్లతో తె ఔరెరె అనే జంట పడవ కట్టాడు. 1992లో అది కుక్ దీవుల్లోని రరొటోంగా దాకా వెళ్లింది. ఈ విద్యను నేల మీద నిలబడి చూడాలనుకుంటే నేపియర్ దగ్గర ఆతియ ఆ రంగి ఉంది. సముద్రం పక్కన గుండ్రంగా నాటిన చెక్కడపు స్తంభాలవి. ఏ నక్షత్రం ఎక్కడ పొడిచి ఎక్కడ అస్తమిస్తుందో వాటి మధ్య నిలబడితే తెలుస్తుంది. టెలిస్కోపు కంటే నాకు ఇదే నచ్చుతుంది.

ఎక్కువమంది వెళ్లేది మాత్రం దక్షిణ దీవిలోని టెకపో అనే ఊరికే. అక్కడి చీకటిని మొదట కాపాడింది శాస్త్రవేత్తల అవసరం. పక్కనున్న మౌంట్ జాన్ కొండ మీద 1965లో విశ్వవిద్యాలయ అబ్జర్వేటరీ వచ్చింది, 1981లో వీధిదీపాల మీద ఆంక్షలు పెట్టారు. 2012లో చుట్టుపక్కల నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతం అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతం, అయింది. 2019లో ఊళ్లో తెరిచిన కొత్త కేంద్రంలో స్థానిక మావోరీ తెగ నాయ్ తాహు పర్యాటక సంస్థ భాగస్వామి. దాంతో టెలిస్కోపు పక్కకు కథ కూడా వచ్చి కూర్చుంది.

రాత్రిపూట సొంత కార్లను కొండ ఎక్కనివ్వరు, టూరు బస్సులోనే పోవాలి. చేతికి ఎర్ర టార్చి ఇస్తారు. ఫోన్ తెర వెలిగితే పక్కవాళ్లు విసుక్కుంటారు, వాళ్ల కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడాలంటే కాసేపు పడుతుంది. గైడు ఆకుపచ్చ లేజర్‌తో నడినెత్తిన వృశ్చికాన్ని చూపిస్తే మనవాళ్లు మొదట తడబడతారు. మన దగ్గర దక్షిణాన కిందుగా ఉండేది అక్కడ తల మీదికి ఎక్కి ఉంటుంది. దాని తోక మావోరీ పురాణ వీరుడు మావుయి గాలం. ఉత్తర దీవిని సముద్రంలోంచి చేపలా పైకి లాగింది దానితోనే. మతారికి కోసం మాత్రం వేకువన లేవాల్సిందే. ఈశాన్యంలో ఒకే వరుసలో మూడు చుక్కలు దొరకగానే అక్కణ్ణుంచి ఎడమకు పోవాలి. రోహిణి ఉన్న త్రికోణం దాటాక, ఇంకా ఎడమన చిన్న గుంపు.

అక్కడ విన్నది ఏ తెగ కథ అని గైడును అడగడంలో తప్పులేదు. ఇష్టంగానే చెబుతారు. టెకపోలో నాయ్ తాహు వాళ్ల కథలో అవొరాకి, అతని తమ్ముళ్లు ఆకాశం నుంచి పడవలో దిగి, పడవ ఒరిగిపోతే రాళ్లయిపోయారు. ఆ పడవే దక్షిణ దీవి, పెద్దన్న 3,724 మీటర్ల అవొరాకి శిఖరం. తూహొయ్ వాళ్ల రాతప్రతిలోని మతారికి, ఈ అవొరాకి ఒకే పురాణంలోవి కావు. టూర్లలో రెండూ కలిసిపోయి వినబడితే, కలిపింది మార్కెటింగ్ అని అనుకోవచ్చు.

2026లో సెలవు జూలై 10, శుక్రవారం. ఆ ఒక్క రాత్రికే టికెట్టు కొనుక్కుని వెళ్తే మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. పాత పెద్దలు కూడా ఒక్క వేకువను నమ్ముకోలేదు. తంగరోవ రాత్రులు వరసగా మూడు నాలుగు ఉంటాయి, వాటిలో ఏ పొద్దున ఆకాశం తేటగా ఉంటే ఆ పొద్దున చూసేవారు. బస కూడా ఆ లెక్కనే పెట్టుకోవడం మేలు.