హామ్ రేడియో మొదలుపెట్టేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

లైసెన్స్ తీసుకుని, సరదాకి సొంత రేడియో సెట్‌తో ఇతరులతో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. ఇందులోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు అడిగేది ‘ఏ సెట్ కొనమంటారు?’ అని. ఏదీ వద్దు, ముందు వినండి అంటాను. ఔత్సాహికులు నడిపే ఆన్‌లైన్ రిసీవర్లు చాలా ఉన్నాయి. పగలు 14 మెగాహెర్ట్జ్ దగ్గర, రాత్రి 7 దగ్గర కొన్నాళ్లు వింటే హామ్‌లు ఎలా మాట్లాడుకుంటారో చెవికి అలవాటవుతుంది.

అపోహ: మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే కోడ్) రాకపోతే లైసెన్స్ రాదు.

ఆ షరతును అంతర్జాతీయ నిబంధనల నుంచి 2003లోనే తీసేశారు. తర్వాత చాలా దేశాలు పరీక్షలోనూ ఎత్తేశాయి. అయినా వీలైతే నేర్చుకోండి. మాట అర్థంకానంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా మోర్స్ వినపడుతుంది.

అపోహ: దూరం వెళ్లాలంటే పవర్ ఎక్కువ ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా చేయించేది ఇదే. పవర్ నాలుగింతలు చేసినా అవతలివాళ్ల మీటర్‌లో పెరిగేది ఒక్క ఎస్ యూనిట్ (సిగ్నల్ బలం చూపే కొలతలో ఒక మెట్టు). బ్యాండ్ తెరుచుకుని ఉంటే, అంటే ఆ ఫ్రీక్వెన్సీల్లో తరంగాలు దూరం వెళ్లే పరిస్థితి ఉంటే, 5 వాట్లతోనే ఖండాలు దాటొచ్చు. ఆ డబ్బు, ఓపిక యాంటెన్నా మీద పెట్టండి. అది బాగుంటే పంపడమే కాదు, వినడం కూడా మెరుగవుతుంది.

డైపోల్‌కి, అంటే మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా సమానంగా తీగ కట్టే యాంటెన్నాకి, కావాల్సింది మామూలు రాగి తీగే. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 14.2కి సుమారు 10 మీటర్లు, అంటే ఒక్కో వైపు 5. ముందు కాస్త పొడవుగానే కోసుకోండి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూసుకుంటూ రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా తగ్గించండి. కరెంటు తీగల దగ్గర మాత్రం అస్సలు కట్టొద్దు.

అపోహ: చేతి సెట్ ఉంటే ప్రపంచమంతా మాట్లాడొచ్చు.

చేతి సెట్లు మామూలుగా వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ (బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తాయి. రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే స్టేషన్) ఉంటే ఇంకొంత దూరం. అలాగని చిన్న సెట్‌ను తీసిపారేయకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీ ఆకాశంలోంచి వెళ్లేటప్పుడు వ్యోమగాములు బడిపిల్లలతో మాట్లాడుతుంటే, 145.800 మెగాహెర్ట్జ్‌లో దాంతోనే వినొచ్చు.

అపోహ: సెట్ కొన్నాక ఏమైనా మాట్లాడొచ్చు.

లైసెన్స్, కాల్ సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) లేకుండా మాట్లాడే బటన్ నొక్కకూడదు. వచ్చాక కూడా వ్యాపారం, పాటలు, రహస్య సంకేతాలు కుదరవు.

అపోహ: మొదటిసారే తడబడితే పరువు పోతుంది.

మైక్ పట్టుకుంటే అందరికీ టెన్షనే. కాల్ సైన్, పేరు, ఊరు, సిగ్నల్ రిపోర్టు కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకోండి. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో వినండి, అడగండి. జవాబు రాకపోతే మళ్లీ ఒకసారి అడిగి, అప్పుడు సీక్యూ (‘ఎవరైనా మాట్లాడతారా’ అనే పిలుపు) పిలవండి.