గుడి మేళం ఎక్కడ ఆగిపోయింది: 1987 చట్టం మిగిల్చిన చిక్కు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉత్సవాల కాలం వచ్చిందంటే సన్నాయి మేళం గొడవ మళ్ళీ లేస్తుంది. ఈసారీ లేచింది. గుడిలో రోజువారీ హారతికి మోటారుతో మోగే డప్పు, గంటల యంత్రం. బ్రహ్మోత్సవాల నాలుగు రోజులకు ఎక్కడి నుంచో బేరం కుదుర్చుకుని తెచ్చిన మేళం. తరతరాలుగా ఆ స్వామి ముందు ఊదిన కుటుంబం మాత్రం అదే ఊళ్ళో, అదే వీధిలో ఉండి కూడా పిలుపు లేక ఇంట్లో కూర్చుంటోంది. మేళానికి జీతం ఎవరు ఇవ్వాలి, మేళం మాన్యం ఎవరిది, ముస్లిం విద్వాంసుడు గుడిలో వాయించవచ్చా అని ఇప్పుడు మూడు ప్రశ్నలు కలగలిసి చర్చ జరుగుతోంది. ఈ మూడింటికీ మూలం ఒకటే.

త్యాగరాజస్వామి పూర్వీకుల కాకర్ల, శ్యామశాస్త్రి పెద్దల కంభం సీమ గురించి ఇక్కడ మళ్ళీ చెప్పనక్కరలేదు. ఈ నేల సంగీతానికి ఎంత పాతదో పాఠకులకు తెలుసు. తెలియవలసింది ఇటీవలి నలభై ఏళ్ళ కథ.

ముందుగా మేళం అంటే ఏమిటో చూడాలి. రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు, ఒకరు శ్రుతి, ఒకరు తాళం. ఐదారుగురు కలిస్తేనే మేళం. నాదస్వరం కొయ్యకు పన్నెండు రంధ్రాలుంటే వేళ్ళు ఆడేది ఏడింటి మీదనే. మిగతావాటిని మైనంతో పూడ్చి, తీసి శ్రుతి సరిచేసుకుంటారు. ఊదే మూతికి తగిలించే నాలుకను పీక అంటారు. ఆ పీక పక్కన దారానికి వేలాడుతూ మరో నాలుగైదు పీకలు, వాటిని శుభ్రం చేసే సూది ఉంటాయి. వాయించే ముందు విద్వాంసుడు పీకను నోట్లో నానబెట్టుకుని, ఊది చూసి, నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకొకటి తీస్తాడు. గమకం వేలితో మాత్రమే పలకదు. ఊపిరి బిగువులో, పెదవి నొక్కులో పలకాలి. చిన్నతనంలోనే మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాధన చేస్తే తప్ప ఇది పట్టుబడదు. డోలు సంగతీ అంతే: ఒక మూతి కర్రతో, మరో మూతి గట్టి తొడుగులు వేసుకున్న వేళ్ళతో మోగించడం చేతులు కాయలు కాసేదాకా నేర్చుకోవలసిన పని.

ఇంత సాధన ఒకరిని చూసి ఒకరు, తండ్రి నుంచి కొడుకు, మామ నుంచి అల్లుడు నేర్చుకుంటూ నిలబడిందంటే దాని వెనుక భూమి ఉంది. తెల్లవారుజామున మేలుకొలుపుకు భూపాల రాగం, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి రాగం ఊదే కుటుంబానికి గుడి తరఫున భజంత్రీ మాన్యం ఉండేది. అది ఎకరమో రెండెకరాలో కావచ్చు. పంట గింజలు ఇంటికి వస్తే పిల్లవాడిని పొద్దున్నే లేపి సాధనకు కూర్చోబెట్టే తీరిక ఆ ఇంటికి ఉండేది. పెళ్ళిళ్ళలో వచ్చేది పైసంపాదన. అసలు ఆధారం మాన్యమే.

ఆ ఆధారం తెగింది 1987లో. ఎన్టీ రామారావు ప్రభుత్వం దేవాలయాల పాలనపై జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్‌ను వేసింది. దాని నివేదికను ఆధారం చేసుకుని 1987లో 30వ నంబరు చట్టంగా దేవాదాయ చట్టం వచ్చింది. అందులో 34వ సెక్షన్ మిరాశీదారులు (గుడి సేవలో, రాబడిలో వంశపారంపర్య వాటా ఉన్నవారు), అర్చకులతో పాటు ఆలయ సేవకులందరి వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 144వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్ళింది. హుండీలో వాటాలు, పళ్ళెంలో పడే కానుకలతో పాటు, సేవకు ప్రతిఫలంగా సేవకుల అనుభవంలో ఉన్న ఆలయ భూముల వాటాలనూ ఒక్క వాక్యంతో తీసేసింది.

ఆ చట్టం ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. పెద్ద ఆలయాల్లో కొన్ని కుటుంబాలు హుండీని పంచుకుంటుంటే దేవుడి ఆస్తి కరిగిపోతోందన్న ఆందోళన నిజమైనదే. అయితే తిరుమలలో లక్షల్లో వాటా తీసుకునే మిరాశీదారుకు, పల్లెగుడిలో ఎకరం మాన్యం మీద బతికే సన్నాయి కళాకారుడికి తేడా చూపని చట్టం అది. పెద్దవారి నుంచి కొంత ఆదాయం పోయింది. ఈ చిన్నవారి నుంచి బతుకే పోయింది. హక్కు తీసేసి జీతం ఇస్తామన్నది చట్టం వెనుక ఉన్న మాట. పెద్ద గుడుల్లో జీతాలు వచ్చాయి. చిన్న గుడుల్లో మేళానికంటూ కొలువే ఏర్పడలేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి మలుపు ఇదే. డీజే తర్వాత వచ్చింది. యంత్రం తర్వాత వచ్చింది. రెండూ ఖాళీ అయిన చోటే కూర్చున్నాయి.

1987కు ముందే మాన్యం సడలడం మొదలైంది. 1956 ఇనాముల (సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూముల) రద్దు చట్టం కింద రైత్వారీ పట్టాలు, అంటే భూమిపై హక్కు కాగితాలు, ఇచ్చినప్పుడు కొన్ని చోట్ల పట్టా దేవుడి పేరున వచ్చింది, కొన్ని చోట్ల సేవ చేసే కుటుంబం పేరున వచ్చింది. కాగితం చేతికొచ్చిన కొందరు అవసరానికి అమ్ముకున్నారు. అధికారులు నేటికీ ఎత్తిచూపేది ఈ అమ్మకాలనే. అమ్మకాలు జరిగిన మాట వాస్తవం. అయితే అమ్ముకోనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళు సేవ మానలేదు. 1987 చట్టం వాళ్ళనూ వదల్లేదు.

ఇంకొంచెం వెనక్కి వెళితే ఈ ప్రాంతానికి తగిలిన పెద్ద దెబ్బ కనిపిస్తుంది. షేక్ చిన మౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడే దాకా ఆ ఊరు గుంటూరు జిల్లాలోది. తండ్రి కాశిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులను ఆశ్రయించారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయిస్తూ, అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యులను తయారు చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. 1999లో కన్నుమూశారు. కరవదిలో పుట్టిన విద్య కావేరి ఒడ్డున పండింది. ఆయన శిష్యులు, ప్రకాశం జిల్లాలో మూలాలున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు జాబితాలో వాళ్ళ పేర్ల పక్కన ఉన్న రాష్ట్రం తమిళనాడు. ఆ దంపతుల ఘనతకు అందరూ సంతోషించాం. ఆ జాబితా చూసి ఈ జిల్లాలో ఎవరికైనా బాధ కలిగి ఉండాలి.

అక్కడ నిలబెట్టుకున్నారు, ఇక్కడ పోగొట్టుకున్నాం. తమిళ ప్రాంతంలో గుడితో పాటు సభలు, కచేరీలు, విని మెచ్చే శ్రోతలు ఉన్నారు. మన దగ్గర నాదస్వరానికి గుడి, పెళ్ళి తప్ప మూడో వేదిక బలంగా ఏర్పడలేదు. గుడి తలుపు మూసుకున్నాక పెళ్ళిపందిరి ఒక్కటే మిగిలింది. అక్కడా ఇప్పుడు మాంగల్యధారణ వేళ గట్టిమేళం వరకే అడుగుతున్నారు. ఊరేగింపు డీజేది.

1987 తర్వాతి పరిణామాల్లో అర్చకుల కథ వేరుగా నడిచింది, అది చూస్తే మేళం వాళ్ళు ఎందుకు వెనకబడ్డారో అర్థమవుతుంది. వంశపారంపర్య హక్కుల రద్దు చెల్లుతుందని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అర్చక సంఘాలు పట్టు వదలలేదు. అర్చకుల వారసత్వాన్ని తిరిగి గుర్తించే చట్ట సవరణను 2007లో సాధించాయి. దాని అమలుకు 2019లో ఉత్తర్వులూ తెచ్చుకున్నాయి. వాళ్ళకు సంఘబలం ఉంది, వాళ్ళ గొంతు వినే వాళ్ళున్నారు. అర్చకులకు దక్కింది న్యాయమే. అదే చట్టంలోని అదే సెక్షన్ కింద హక్కు పోగొట్టుకున్న నాయీ బ్రాహ్మణ వాద్యకారుల, ముస్లింలైన దూదేకుల వాద్యకారుల తరఫున ఆ స్థాయిలో ఎవరూ నిలబడలేదు.

ధూపదీప నైవేద్య పథకానిదీ ఇదే తీరు. 2007లో మొదలైన ఈ పథకం కింద రాబడి లేని చిన్న గుడులకు నెలనెలా సాయం అందుతోంది. 2024 ఆగస్టులో దేవాదాయ శాఖపై జరిగిన సమీక్షలో ఆ సాయాన్ని 5 వేల నుంచి 10 వేల రూపాయలకు పెంచుతున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ డబ్బు అర్చకుడి భృతికి, పూజాద్రవ్యాలకు. వాద్యానికి అందులో పద్దు లేదు. అదే సమీక్షలో ఆలయ పాలకమండళ్ళలో నాయీ బ్రాహ్మణులకు చోటు ఇస్తామని కూడా ప్రకటించారు. మంచి అడుగే. మండలిలో ఒక సభ్యుడుంటే మేళం మాట ఎత్తే గొంతు ఒకటుంటుంది. కానీ మేళానికి బడ్జెట్ లేని గుడిలో ఆ సభ్యుడు అడిగి తెచ్చేది ఎక్కడి నుంచి?

ఆలయ అధికారుల వాదన ఇలా ఉంటుంది. ఏడాదికి 2 లక్షల లోపు రాబడి ఉన్న 6(సి) తరగతి గుడిలో ఐదుగురికి జీతం ఇవ్వడం అసాధ్యం. యంత్రాన్ని దాత ఒక్కసారి కొనిస్తే నెలనెలా ఖర్చు ఉండదు. మేళం వాళ్ళు ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయి సేవకు రారు. ఇవి కొట్టిపారేయదగ్గ మాటలు కావు. అయితే జీతం లేనివాడు పెళ్ళికి వెళ్ళక ఏం చేస్తాడు? ఐదుగురికి పూర్తి జీతం కాకపోయినా, నాలుగైదు గుడులకు కలిపి ఒక మేళాన్ని నియమించుకునే ఏర్పాటు చేస్తే ఖర్చు పంచుకోవచ్చు. నెల్లూరు తల్పగిరి రంగనాథస్వామి, జొన్నవాడ కామాక్షమ్మ, పెంచలకోన నరసింహస్వామి వంటి రాబడి ఉన్న క్షేత్రాలు చుట్టుపక్కల చిన్న గుడులకు ఆసరాగా నిలవవచ్చు. తిరుపతిలో టీటీడీ నాదస్వర, డోలు పాఠశాల నడుపుతోంది. అక్కడ చదివి పట్టాతో వచ్చే కుర్రవాడికి సొంత జిల్లాలో చేరడానికి ఒక కొలువు చూపించగలిగితే చాలు, విద్య నిలుస్తుంది.

ఇక మతం ప్రశ్న. దీన్ని ఈమధ్య గట్టిగా లేవనెత్తుతున్నారు. అన్యమత ఉద్యోగులను స్వచ్ఛంద విరమణకో, వేరే ప్రభుత్వ శాఖలకో పంపాలని 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి చేసిన తీర్మానాన్ని పల్లెగుడుల దాకా లాగుతున్నారు. ఆ తీర్మానం టీటీడీకి సంబంధించినది. ఇక్కడి సంగతి వేరు. దూదేకుల విద్వాంసులు గుడి మేళంలోకి ఉద్యోగ పరీక్ష రాసి రాలేదు. తాతల నాటి సేవ, ఆ సేవకిచ్చిన మాన్యం, ఊరి ఒప్పుదల వాళ్ళను గుడి ముందు నిలబెట్టాయి. పక్కింటి నాయీ బ్రాహ్మణ డోలు విద్వాంసుడితో కలిసి ఒకే జంటగా వాయించారు. ఉమ్మడి కృష్ణా జిల్లా గోసవీడు షేక్ హసన్ సాహెబ్ భద్రాచలం రాముడి సన్నిధిలో నాదస్వర విద్వాంసుడిగా సేవ చేశారు. కన్నుమూశాక 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఊదిన కీర్తన విని ఏ భక్తుడూ అభ్యంతరం చెప్పలేదు.

1987 చట్టం వారసత్వాన్ని తీసేసి కొలువును దేవాదాయ శాఖ చేతికిచ్చింది. ఆ చట్టం అమలుకు నియమించే అధికారి, ఉద్యోగి ఎవరైనా హిందూ మతస్థులే కావాలని అందులోనే ఉంది. పరిపాలన వరకు ఆ నిబంధనను అర్థం చేసుకోవచ్చు. కానీ వంశపారంపర్య సేవ అనే దారి మూసుకుపోవడంతో, ఎవరి మతమూ అడగని పాత ఒప్పందం కూడా దానితో పాటే పోయింది. నేడు ముస్లిం విద్వాంసుడు ఉత్సవానికి పిలిస్తే వచ్చి వాయించి వెళ్ళే అతిథి మాత్రమే. అతిథిని పిలవడం మానేస్తే కారణం చెప్పనక్కరలేదు. కరవదిలో ఆ విద్వాంసుల కుటుంబాల ఇళ్ళు తెలిసినవాళ్ళకు దీని అర్థం వేరే చెప్పాలా?

భూమి సంగతి ఇంకా తేలలేదు. ఆలయ సేవకు ఇచ్చిన ఇనాములపై వ్యక్తుల పేరున జారీ అయిన పట్టాలు చెల్లవని 2013లో ఇనాముల చట్టాన్ని సవరించారు. 2023లో గ్రామ సర్వీసు ఇనాం భూములను రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితా నుంచి తొలగించినప్పుడు గ్రామసేవ చేసిన కుటుంబాలకు ఊరట దక్కింది. దేవుడి సేవ చేసిన కుటుంబాల మాన్యాలకు అది వర్తించలేదు. దేవుడి భూమిని దేవుడికే ఉంచాలన్న సూత్రాన్ని మేళం కుటుంబాలూ కాదనడం లేదు. అమ్ముకునే హక్కు తమకు వద్దంటున్నారు. సేవ చేసినంత కాలం ఆ పొలం సాగు చేసుకోనివ్వండి, లేదా ఆ పొలం కౌలు సొమ్మును మేళం పద్దు కింద జమ చేసి నెలనెలా ఇవ్వండి అని అడుగుతున్నారు. ఏ గుడికి ఎంత భజంత్రీ మాన్యం ఉండేదో, దాని సర్వే నంబర్లు, నేడు వస్తున్న కౌలు ఎంతో దేవాదాయ శాఖ ముందు ఆలయాలవారీగా బయటపెట్టాలి. రెండు జిల్లాల్లో ప్రస్తుతం నడుస్తున్న వాదన ఆ లెక్క లేకుండానే నడుస్తోంది.