వరద పోయాక రోడ్డు లోపల మిగిలే నీళ్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. రోజుల తరబడి నిలిచిన నీళ్లు తీశాక, బురద కడిగి చూస్తే మా వీధి రోడ్డు నల్లగా, చెక్కు చెదరకుండా కనిపించింది. పోనీలే, రోడ్డయినా మిగిలింది అనుకున్నాం. నెల తిరక్కుండానే చక్రాలు నడిచే దారిలో ఎండిన చెరువు అడుగులా బీటలు వచ్చాయి. ఆ తర్వాత గుంతలు పడ్డాయి.

గుంత అంచున ఊడిన తారు పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పైవైపు నల్లగా ఉంది. తిరగేస్తే అడుగున కంకర రాళ్లు ఎవరో తోమి కడిగినట్టు బూడిద రంగులో ఉన్నాయి. దెబ్బ కిందినుంచే మొదలైంది.

రాయికి తారుకన్నా నీళ్లంటేనే మక్కువ. సిలికా ఎక్కువున్న రాళ్లలో ఈ గుణం మరీ ఎక్కువ. నీళ్లు చాలాకాలం నిలిస్తే తారుకీ రాయికీ మధ్యకు మెల్లగా చేరి పట్టు విడగొడతాయి. తారు కలిపేటప్పుడే నూటికి ఒకటి రెండు పాళ్లు పొడి సున్నం చేరిస్తే ఆ పట్టు గట్టిపడుతుంది. మన ఇళ్ల గోడలకు వేసిన సున్నమే!

అసలు రోడ్డు బలం తారులో ఉండేది కొంతే. బరువు మోసేది ముఖ్యంగా దాని కింది కంకర, గ్రావెల్, మట్టి పొరలు. రాయికి రాయి ఒరుసుకుని నిలబడటమే ఆ బలం. సందుల్లో నీళ్లు నిండినప్పుడు పైన చక్రం పడితే, నీళ్లు నొక్కితే నలగవు కాబట్టి, ఆ ఒత్తిడి రాళ్లను ఎడంగా తోస్తుంది. చక్రం దాటగానే పగుళ్లలోంచి బురదనీళ్లు పైకి చిమ్ముతాయి. వాటితోపాటు సన్నమట్టీ పోతుంది, కింద డొల్ల మిగులుతుంది. గుంటూరు వైపు నల్లరేగడిలో కష్టం ఇంకా ఎక్కువ. అది తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది.

సరిగ్గా ఆ మెత్తబడ్డ రోజుల్లోనే పాడైన సామాను, చెత్త ఎత్తే టిప్పర్లు వీధులన్నీ తిరుగుతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుందని 1958-60 మధ్య అమెరికాలో చేసిన పెద్ద రోడ్డు పరీక్ష తేల్చింది. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్ మునిగాక అక్కడి ఇంజనీర్లు రోడ్లను కొలిచి చూశారు. మునిగిన తారు రోడ్లు పోగొట్టుకున్న బలం దాదాపు రెండంగుళాల తారు పొరతో సమానమని లెక్క తేలింది. పైకి చూస్తే ఆ తేడా కనపడదు.

కనపడనిదాన్ని కొలవడానికి మన దగ్గరా ఒక సాధనం ఉంది, బెంకెల్‌మన్ బీమ్. వెనక ఇరుసుపై ఎనిమిది టన్నుల పైచిలుకు బరువున్న లారీని నిలబెట్టి, దాని జంట టైర్ల మధ్యకు పొడవాటి కమ్మీ చొప్పిస్తారు. లారీ ముందుకు కదలగానే కుంగిన రోడ్డు ఎంత పైకి లేచిందో మిల్లీమీటర్లలో చూస్తారు. ఎక్కువ లేచిందంటే లోపల ఇంకా మెత్తగా ఉన్నట్టే. ముంపు వీధులన్నిట్లో ఈ పరీక్ష చేశాకే ఎక్కడ పైపూత చాలు, ఎక్కడ తవ్వాలి అన్నది తేల్చాలని నా గట్టి నమ్మకం.

మరమ్మతు మొదలవ్వాల్సింది సైడు కాలువలోంచి. పూడిక తీయనిదే రోడ్డు కింది నీళ్లకు దారి లేదు. అవి దిగాకే గుంతను నిట్టనిలువు అంచులతో చతురస్రంగా కోసి, చెడిన కంకర తీసి, ఆరబెట్టి, అంచులకు తారు ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పల్చటి తారు) పూసి, పొరలు పొరలుగా నింపి దిమ్మిస చేయాలి. నీళ్లున్న గుంతలో వేడి తారు పోస్తే తర్వాతి వానకే ఊడుతుంది.

ఫుట్‌పాత్ కథ వేరు. కాలు పెట్టగానే టైలు ఊగి, బురదనీళ్లు మోకాళ్ల దాకా చిమ్మితే దాని కింది ఇసుక కొట్టుకుపోయిందని అర్థం. చాలాచోట్ల హడావిడిగా సిమెంటు పోసి కప్పేస్తారు, ఇక నీళ్లు ఇంకే దారే మూసుకుపోతుంది. మా వీధి మలుపులో ఇద్దరు కూలీలు మాత్రం టైళ్లు లేపి, అడుగు సరిచేసి, అంగుళం మందాన ఇసుక పరిచి మళ్లీ పేర్చారు. ఆమె కొబ్బరి చీపురుతో సన్న ఇసుక సందుల్లోకి ఊడుస్తుంటే, అతను వెనకే దిమ్మిసతో కొట్టుకుంటూ వచ్చాడు. సందు నిండిన కొద్దీ ఒక్కో టైలూ పక్కదానికి బిగుసుకుంది.