మొదటి పది నిమిషాలకే అంబర్‌ని తిట్టకండి: అపోహలు - వాస్తవాలు

పర్ఫ్యూమ్ శాంపిల్స్ కలపడం, వాసన చూడడం, ఏ గంటకు ఎలా మారిందో రాసుకోవడం నా పని. ఇందులో అందరికంటే ఎక్కువ మాటలు పడేది చవక రకం స్పైసీ అంబర్ సెంట్లకే. "కొట్టగానే స్పిరిట్ వాసన", "గంటకే పోయింది", "ఇందులో అసలు అంబరే లేదు" అంటారు. మొదటి మాట చాలాసార్లు నిజమే. మిగతా వాటి సంగతి చెబుతాను.

అపోహ: చవక కాబట్టి అసలు అంబర్ వేయరు.

ఖరీదైన సీసాలోనూ వేయరు. నగల్లో పొదిగే అంబర్ అంటే రాయిలా గట్టిపడిన పూర్వకాలపు చెట్ల జిగురు. చేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నా దానికి దాదాపు వాసన ఉండదు. తిమింగలం కడుపులో తయారయ్యే అంబర్‌గ్రిస్ మళ్లీ వేరే వస్తువు. మేం అంబర్ అనేది ఒక కలయికని: లాబ్డనమ్, సాంబ్రాణి, వెనీలా. లాబ్డనమ్ మధ్యధరా ప్రాంతపు సిస్టస్ పొద ఆకులకు పట్టే జిగురు. ఒకప్పుడు క్రీట్ దీవిలో ఆ పొదల్లో మేసొచ్చిన మేకల గడ్డాలకు అంటుకున్నదాన్ని దువ్వి తీసేవారు. (కొనడానికి వచ్చినవాళ్లకు ఈ మేక గడ్డం కథ చెప్పను.) దీని మీద దాల్చినచెక్క, లవంగం, మిరియం, ఏలకుల వాసనలు ఎక్కిస్తే అదే స్పైసీ అంబర్.

అపోహ: ధర తక్కువైతే సరుకూ నాసిరకమే.

ఏ రకం సెంటు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐరిస్ అనే పూలమొక్క వాసన కావాలంటే దాని దుంపల్ని ఏళ్ల తరబడి ఆరబెట్టాలి, అక్కడ చవక అంటే రాజీ పడక తప్పదు. అంబర్‌కి ఆ బాధ లేదు. వెనీలాకు ప్రాణమైన వెనిలిన్‌ని టీమాన్, హార్మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1874లోనే ల్యాబ్‌లో తయారుచేశారు. 1925లో వచ్చిన, గెర్లాన్ అనే ఫ్రెంచ్ కంపెనీ వారి పేరున్న అంబర్ సెంటు షాలిమార్‌లో కూడా ల్యాబ్‌లో పుట్టిన ఇథైల్ వెనిలిన్ ఉంది. ఈ సరుకు చవక సీసాకీ అందుబాటులోనే ఉంటుంది.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? మొదట్లో. కొట్టిన మొదటి ఐదు నిమిషాలు స్పిరిట్, పదునైన నారింజ తొక్క, చూయింగ్ గమ్ లాంటి దాల్చినచెక్క ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. తర్వాత లవంగం పైకి లేస్తుంది. అప్పుడు పళ్ల డాక్టర్ గది గుర్తొస్తే అది మీ భ్రమ కాదు, లవంగం వాసననిచ్చే యూజినాల్‌ని దంతవైద్యంలోనూ వాడతారు. ముప్పావు గంటకో గంటకో ఘాటు తగ్గి, తీపి, సాంబ్రాణి కలిసిపోతాయి. నాలుగో గంటకి ఒంటికి అంటుకుని ఉండే వెచ్చని, పౌడర్ లాంటి వెనీలా మిగులుతుంది. ఆ దశలో చవకదాన్నీ ఖరీదైనదాన్నీ రెండు కాగితపు పట్టీల మీద పక్కపక్కన పెట్టి పేర్లు దాచేస్తే, నేను కూడా పొరబడ్డ రోజులున్నాయి. ఖరీదైనదాంట్లో ఒక దశ నుంచి ఇంకో దశకి జారడం తెలియదు, చవకదాంట్లో మెట్లు దిగినట్టు ఉంటుంది. అంతే.

నాకున్న అసలు ఫిర్యాదు వేరే. ఎక్కువసేపు నిలవాలని కొందరు పొడి కర్రవాసననిచ్చే గాఢమైన సింథటిక్స్‌ని మోతాదు మించి పోస్తారు. అవి ముక్కులో గరుకు కాగితంతో గీకినట్టుంటాయి, స్నానం చేసినా వదలవు. అలాంటిది దొరికితే ఎంత చవకైనా వద్దు.

అపోహ: గంటకి వాసన రాలేదంటే ఎగిరిపోయినట్టే.

ఎగిరిపోయింది పైపై ఘాటు మాత్రమే. అడుగున ఉన్న బరువైన అణువులు మెల్లగా ఆవిరవుతాయి, దూరం వెళ్లవు, కానీ ఒంటి మీదే ఉంటాయి. పైగా ఒకే వాసన ఆపకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పనిలో చేరిన కొత్తల్లో నాకు వాసన రావట్లేదని ఒక అంబర్‌ని మళ్లీ మళ్లీ ఐదుసార్లు కొట్టుకుని లిఫ్ట్ ఎక్కాను. మూడో అంతస్తులో దిగాల్సినావిడ మొదటి అంతస్తులోనే దిగిపోయారు. డౌట్ ఉంటే పక్కవాళ్లని అడగండి, లేదా కాసేపు బయట తిరిగొచ్చి, విడిచిన చొక్కా వాసన చూడండి. ముక్కు తేరుకోవడానికని సెంటు షాపుల్లో పెట్టే కాఫీ గింజలు దీనికి మందు కాదు.

అపోహ: మణికట్లు రుద్దితే అణువులు చితికిపోతాయి.

చితకవు. రాపిడి వేడికి పైవాసనలు కొంచెం త్వరగా పోతాయి. చవక అంబర్‌లో అది ఒకరకంగా మేలేనేమో!

అపోహ: ఇది చలికాలానికే పనికొస్తుంది.

ఎండలో వేగంగా ఆవిరై ఎక్కువ దూరం వెళుతుంది కాబట్టి మూడు స్ప్రేలు కొట్టే చోట ఒకటి చాలు. అదీ మెడ మీద కాకుండా చొక్కా లోపల, ఛాతీ మీద.

అపోహ: రంగు ముదిరితే పాడైపోయినట్టు.

వెనిలిన్ ఉన్న ద్రవం కాలం గడిచేకొద్దీ తేనె రంగుకీ, ఆపైన గోధుమ రంగుకీ తిరగడం మామూలే. వాసన పుల్లగా, ముక్కిపోయిన నూనెలా మారితేనే అనుమానించాలి. సీసాని ఎండ తగిలే కిటికీలోనూ బాత్రూమ్‌లోనూ పెట్టకపోతే చాలా ఏళ్లు ఉంటుంది. రంగుతో వచ్చే ఇబ్బంది బట్టలకే. నా తెల్ల చొక్కా కాలర్ మీద పడ్డ పసుపు మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు.

అపోహ: మసాలా దినుసులే కదా, చర్మానికి ఏమీ కాదు.

దాల్చినచెక్కలోని సిన్నమాల్, లవంగంలోని యూజినాల్ రెండూ కొందరికి అలర్జీ తెస్తాయి. మోతాదు దాటితే పేరు పెట్టె మీద రాయాలని యూరప్ నియమం పెట్టిన తొలి 26 పదార్థాల్లో ఇవీ ఉన్నాయి. చెట్టు నుంచి వచ్చినా ల్యాబ్ నుంచి వచ్చినా చర్మానికి ఒకటే. కొత్త సీసా అయితే మోచేతి లోపలివైపు ఒక్క చుక్క వేసి, ఒకట్రెండు రోజులు ఆగి చూడండి. దురద గానీ ఎరుపు గానీ కనిపిస్తే ఒంటి మీద మానేసి బట్టల మీద కొట్టుకుని చూడండి, తెల్లవి తప్ప. అప్పటికీ దురద వస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి.