దూబగుంట గొంతులు ఏ క్యాసెట్‌లో ఉన్నాయి?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతా రాత్రి బడులు నడిచాయి. పలకా బలపం పట్టిన ఆడవాళ్లు, కూలి డబ్బులన్నీ సారా కొట్టుకు పోతున్న సంగతి అక్కడే మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఆ కొట్టు మూయించారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఈ తేదీలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఆడవాళ్లు ఏ యాసలో నిలదీశారో, ఎక్కడ గొంతు పెంచారో అందులో దొరకదు. వాళ్లు అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్నారు. తమ కథ రాయలేదు, నోటితో చెప్పారు.

అది టేపుల కాలం. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆడియో క్యాసెట్, జేవీసీ 1976లో తెచ్చిన వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ అప్పటికి మన ఊళ్లకూ చేరాయి. పెళ్లి వీడియో తీసే కుర్రాడే మీటింగు కూడా తీసేవాడు.

మొన్న మా బంధువుల ఇంట్లో అటక మీంచి అలాంటి క్యాసెట్ ఒకటి దించాం. అట్ట మీద నీలం ఇంకుతో ‘మీటింగు, కావలి’ అని ఉంది. చుట్ట అంచున పిండి చల్లినట్టు తెల్లటి బూజు. ఆత్రపడి ప్లేయర్‌లో పెడితే బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్‌కూ పాకుతుంది. పాలిస్టర్ రిబ్బన్ మీద అయస్కాంత పొడిని జిగురుతో పట్టించి టేపు చేస్తారు. మన కోస్తా గాలికి ఆ జిగురు తేమ పీల్చి మెత్తబడుతుంది, పొడి రాలిపోతుంది. బొమ్మా మాటా ఉండేది ఆ పొడిలోనే.

శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించవచ్చు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. అన్నిటికంటే ముందు సరిగ్గా తిరిగే ప్లేయర్ కావాలి. అసలు టెన్షన్ అదే. 2025 ప్రాంతానికల్లా ఈ మిషన్లు, విడిభాగాలు, వాటిని బాగుచేసేవాళ్లు దొరకడం కష్టమవుతుందని యునెస్కో, ధ్వని-దృశ్య ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ 2019లోనే హెచ్చరించాయి.

రోశమ్మ 2016లో కన్నుమూశారు. అదే ఏడాది జూలైలో జపాన్ కంపెనీ ఫునాయ్ ఈ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అప్పటికి ఇంకా వాటిని చేస్తున్న చివరి పెద్ద కంపెనీ అదే.

కావలి క్యాసెట్‌లో ఎవరు మాట్లాడారో మాకింకా తెలియదు. బూజు తీయగలిగే మనిషి దొరికేదాకా మిగతా క్యాసెట్లకు దూరంగా, చెమ్మ తగలని బీరువాలో నిలువుగా పెట్టాం.