ప్యానెల్స్ ముందొచ్చాయి, శిక్షణ వెనకొచ్చింది

కావలిలో మా పిన్ని వాళ్ల మిద్దె మీద సోలార్ పెట్టించి రెండేళ్లు నిండకముందే తీగలను కలిపే కనెక్టర్ ఒకటి కరిగి నల్లబడింది. ప్యానెల్స్ బాగానే ఉన్నాయి, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరూ బాగానే ఉంది. బిగించిన కుర్రాళ్లు, తీగను కనెక్టర్‌లో గట్టిగా నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ తమ దగ్గర లేకపోవడంతో, కటింగ్ ప్లేయర్‌తోనే నొక్కేశారు. ఆ వదులు దగ్గర వేడి పుట్టింది.

వాళ్లనే తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. వాళ్లకు తెలిసింది ఇంటి వైరింగ్. ఇంటికొచ్చేది దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు, అది సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా ఆరిపోయే వీలుంది. ప్యానెల్ ఇచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో ఆగకుండా పారే కరెంటు. ప్యానెల్స్‌ను వరుసగా కలిపితే వందల వోల్టులవుతుంది, మంట అంటుకుంటే ఓ పట్టాన వదలదు. ఇన్వర్టర్ ఆపేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ తీగల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది.

జాతీయ సోలార్ మిషన్ 2010 జనవరిలో మొదలైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు అనుకున్నారు. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. అందులో 40,000 ఇళ్ల, భవనాల కప్పుల మీదే రావాలి. మరి బిగించేదెవరు? ఆ ఏడాదే కేంద్రం ‘సూర్యమిత్ర’ తెచ్చింది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో 600 గంటలు, అంటే దాదాపు మూడు నెలల ఉచిత శిక్షణ. ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ లాంటి ట్రేడులవాళ్ల కోసం పెట్టింది. చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. ఐటీఐల్లో సోలార్ టెక్నీషియన్ ట్రేడ్ కూడా వచ్చింది.

2024 ఫిబ్రవరిలో, ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక తొందర ఇంకా పెరిగింది. కోటి ఇళ్లు లక్ష్యం, మూడు కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ.

అయితే అందరికీ ఒకే పాఠం సరిపోదని నా అభిప్రాయం. నెల్లూరు తీరంలో ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టులు తుప్పు పడతాయి. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ లాంటి తుపాను మళ్లీ వస్తే స్టాండు కాళ్లను ఎలా బిగించారన్నదే ముఖ్యం. ప్రకాశం మెట్టలో రాతినేల, తడి ఉండదు. ఎర్త్ గుంత తవ్వి రాడ్ దింపగానే పనైపోదు, కరెంటు నేలలోకి సులువుగా దిగుతుందో లేదో రెసిస్టెన్స్ కొలిచి చూడాలి. చీమకుర్తి చుట్టుపక్కలైతే ప్యానెల్స్ మీద పేరుకునే గ్రానైట్ దుమ్ము. ఇవన్నీ ఇక్కడి మిద్దెల మీదే నేర్పాలి.

పిన్ని వాళ్లింటికి రిపేరుకు వచ్చిన అబ్బాయి శిక్షణ తీసుకున్నవాడు. ముందు ఇన్వర్టర్ ఆపాడు, తర్వాత డీసీ స్విచ్. మీటర్‌తో కరెంటు పారడం లేదని చూసుకున్నాకే పాత కనెక్టర్ ఊడదీశాడు. కొత్తది టూల్‌తో నొక్కి, తీగను రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు.